ఇద్దరి జీతాలు, ఒకే ఇల్లు: పన్ను మినహాయింపులు ఎవరి లెక్కలో వేసుకోవాలి?

ప్రశ్న: మాది ఒంగోలు. నేను ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలలో అధ్యాపకురాలిని. ఏడాది జీతం రూ.11.40 లక్షలు. మా వారు విజయవాడలో ప్రైవేటు ఉద్యోగి. ఆయన జీతం రూ.18 లక్షలు, అందులో మూలవేతనం నెలకు రూ.75 వేలు. అక్కడ నెలకు రూ.12 వేల అద్దెకు చిన్న ఇంట్లో ఉంటూ శనివారాలు వస్తుంటారు. ఒంగోలులో మేముంటున్న ఇల్లు, దాని మీద గృహరుణం ఆయన పేరునే ఉన్నాయి. గడిచిన ఆర్థిక సంవత్సరంలో వడ్డీ కిందే రూ.2.30 లక్షలు కట్టారు. పెద్దమ్మాయి చదువుకు తీసుకున్న విద్యారుణంలో ఆయన సహ రుణగ్రహీత. దాని వడ్డీ రూ.92 వేలు కూడా ఆయనే కట్టారు. బాబుకు పదకొండేళ్లు. పుట్టుకతో వినికిడి లోపం ఉంది, సదరం సర్టిఫికెట్‌లో 78 శాతం అని రాశారు. మామయ్యగారికి 72 ఏళ్లు, అత్తయ్యగారికి 67. ఇద్దరూ మాతోనే ఉంటారు. వారికి ఆరోగ్య బీమా లేదు. మందులకు నెలకు ఆరేడు వేలు అవుతుంది, షాపులో నగదు ఇచ్చేస్తాం. మా నలుగురి బీమా ప్రీమియం రూ.24 వేలు నా ఖాతా నుంచి కడుతున్నాను. మా కుటుంబానికి పాత పన్ను విధానం మంచిదా, కొత్తది మంచిదా? భార్యాభర్తలు కలిపి ఒకే రిటర్ను వేసుకుంటే లాభమని అమెరికాలో ఉన్న మా తమ్ముడు అంటున్నాడు. నా పేరున, బాబు పేరున డిపాజిట్లు వేస్తే పన్ను తగ్గుతుందా? నిరుడు మా వారి రిటర్ను వేసిన వ్యక్తి ఈసారి లక్షకు పైగా వాపసు తెప్పిస్తానని, అందులో పది శాతం తనకిస్తే చాలని చెబుతున్నారు. ఒప్పుకోవచ్చా?

సమాధానం: ‘మా కుటుంబానికి ఏది మంచిది’ అని అడిగారు. మన ఆదాయపు పన్ను చట్టంలో మీ కుటుంబానికంటూ ఒక లెక్క లేదు. మీ లెక్క మీది, మీ వారి లెక్క ఆయనది. రెండు పాన్ నంబర్లు, రెండు రిటర్నులు. మీ తమ్ముడు చెప్పింది అమెరికా సంగతి. అక్కడ దంపతులు ఉమ్మడిగా రిటర్ను దాఖలు చేసుకునే వీలుంది, ఇక్కడ లేదు. హిందూ అవిభక్త కుటుంబం పేరున విడిగా పాన్ తీసుకునే పద్ధతి మనకు ఉన్నా, అది ఉమ్మడి ఆస్తి మీద వచ్చే ఆదాయం కోసం. మీ ఇద్దరి జీతాలు అందులోకి రావు. కాబట్టి మీరు రేట్లు తక్కువగా ఉండి మినహాయింపులు దాదాపు లేని కొత్త విధానంలో, ఆయన రేట్లు ఎక్కువైనా మినహాయింపులున్న పాత విధానంలో ఉన్నా అభ్యంతరం చెప్పేవారు ఎవరూ లేరు. ఇంట్లో మాత్రం డబ్బు ఎవరి చేతికి అందితే వారు ఖర్చు పెడుతుంటారు. చాలామంది దంపతులు నష్టపోయేది ఇక్కడే. ఖర్చు ఒకరు పెడతారు, దాని మీద మినహాయింపు అవసరం ఇంకొకరికి ఉంటుంది.

మీ లెక్క తేలిక. 2025-26 ఆర్థిక సంవత్సరానికి కొత్త విధానంలో రూ.4 లక్షల దాకా పన్ను లేదు. ఆ తర్వాత ప్రతి రూ.4 లక్షలకు 5, 10, 15, 20, 25 శాతం చొప్పున పెరుగుతూ, రూ.24 లక్షలు దాటాక 30 శాతం పడుతుంది. మీ జీతంలోంచి రూ.75 వేల స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే రూ.10.65 లక్షలు మిగులుతుంది. దాని మీద పన్ను రూ.46,500. అయితే ఆదాయం రూ.12 లక్షలు మించనివారికి 87ఎ సెక్షన్ కింద రూ.60 వేల వరకు రిబేటు ఉంది కాబట్టి అదంతా పోతుంది. మీరు కట్టాల్సింది ఏమీ లేదు. అలాగని రిటర్ను మానేయకండి. పన్ను లేకపోయినా, ఆదాయం రూ.4 లక్షలు దాటింది కాబట్టి దాఖలు చేసి తీరాలి. బ్యాంకు మీ వడ్డీలో టీడీఎస్ కోసి ఉంటే అది తిరిగి వచ్చే దారి కూడా అదొక్కటే. ఇంకొక మాట: షేర్లు, ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లు అమ్మగా వచ్చిన లాభాల మీద ప్రత్యేక రేట్ల ప్రకారం పడే పన్నుకు ఈ రిబేటు వర్తించదు. అలాంటివి ఉంటే విడిగా చూసుకోవాలి.

మీ పన్ను సున్నా అయినప్పుడు మీ పేరున ఏ మినహాయింపు ఉన్నా వృథాయే. మీరు కడుతున్న రూ.24 వేల బీమా ప్రీమియం సంగతి ఇదే. ఆరోగ్య బీమాకు వర్తించే 80డి సెక్షన్ కింద మినహాయింపు ప్రీమియం కట్టినవారికే వస్తుంది. మీకు దాని అవసరం లేదు. మీ వారు కట్టలేదు కాబట్టి ఆయనకు రాదు.

ఇక మీ వారి విషయం. కొత్త విధానంలో ఆయన ఆదాయం స్టాండర్డ్ డిడక్షన్ పోగా రూ.17.25 లక్షలు. పన్ను రూ.1.45 లక్షలు, 4 శాతం సెస్సుతో రూ.1,50,800. పాత విధానం దీన్ని ఓడించాలంటే మినహాయింపులన్నీ కలిపి సుమారు రూ.6.92 లక్షలు దాటాలి. దాటుతాయో లేదో ఒక్కొక్కటీ చూద్దాం.

ఆయన విజయవాడలో అద్దెకు ఉంటూ, సొంత ఊళ్లో సొంత ఇంటి రుణం కడుతున్నారు. అద్దె మినహాయింపు, గృహరుణ వడ్డీ మినహాయింపు రెండూ ఒకే మనిషికి రావని చాలామంది అనుకుంటారు. వస్తాయి. కాకపోతే అద్దె మొత్తానికి మినహాయింపు ఉండదు. చేతికి అందిన ఇంటి అద్దె భత్యం, కట్టిన అద్దెలో మూలవేతనంలో పదో వంతు తీసేయగా మిగిలినది, మూలవేతనంలో 40 శాతం: ఈ మూడింటిలో ఏది తక్కువైతే అది. మీ వారు ఏడాదికి కట్టే అద్దె రూ.1.44 లక్షలు, మూలవేతనంలో పదో వంతు రూ.90 వేలు. తేడా రూ.54 వేలు. ఆయనకు దక్కేది అంతే. అద్దె ఏడాదికి రూ.లక్ష దాటింది కాబట్టి ఇంటి యజమాని పాన్ ఇవ్వాలి. గృహరుణ వడ్డీ రూ.2.30 లక్షలు కట్టినా, సొంతంగా ఉంటున్న ఇంటికి రూ.2 లక్షలే పరిమితి.

భవిష్య నిధి, జీవిత బీమా వంటివాటికి మినహాయింపు ఇచ్చే 80సి సెక్షన్ పరిమితి రూ.1.50 లక్షలు. మూలవేతనంలో 12 శాతం చొప్పున ఆయన భవిష్య నిధి వాటాయే రూ.1.08 లక్షలు. గృహరుణంలో అసలు కింద కట్టింది చేరగానే మిగతాది నిండుతుంది. పాప కళాశాల ట్యూషన్ ఫీజు, బాబు బడి ఫీజు, జీవిత బీమా అన్నీ ఈ రూ.1.50 లక్షల లోపలివే. నిండిన బిందెలో ఇంకో చెంబు పోసినట్టే తప్ప అదనంగా ఒక్క రూపాయి కూడా తగ్గదు. మార్చి నెలలో ‘పన్ను కోసం’ అంటూ ఎవరైనా కొత్త పాలసీ తెస్తే ఈ సంగతి గుర్తుంచుకోండి.

విద్యారుణ వడ్డీకి 80ఇ కింద గరిష్ఠ పరిమితి లేదు. రూ.92 వేలు మొత్తం చూపవచ్చు. అసలుకు మాత్రం మినహాయింపు లేదు. రుణంలో ఆయన పేరు ఉంది కాబట్టి ఇబ్బంది లేదు, అమ్మాయి ఒక్కతే రుణగ్రహీత అయితే ఆయనకు వచ్చేది కాదు. ఈ వెసులుబాటు వడ్డీ కట్టడం మొదలుపెట్టిన ఏడాదితో కలిపి 8 ఏళ్లు ఉంటుంది. అమ్మాయి చదువు సాగుతుండగానే మీ వారు కట్టడం మొదలుపెట్టారు కనుక ఆయన ఎనిమిదేళ్లు ఇప్పటికే నడుస్తున్నాయి. ముందుగా కట్టడం మంచిదే, వడ్డీ మీద వడ్డీ పడదు. అమ్మాయికి ఉద్యోగం వచ్చాక తనే కడితే తన లెక్కలో తను చూపుకోవచ్చు.

బాబు విషయం కాస్త వివరంగా చెబుతాను. దివ్యాంగుడైన బిడ్డ ఉన్న ఇళ్లలో చాలామందికి ఈ సెక్షన్ పేరు కూడా తెలియదు. తెలిసినవారు కూడా బిల్లుల కోసం వెతుక్కుంటూ ఉంటారు. 80డిడి కింద, వైకల్యం 40 శాతం నుంచి 80 శాతం లోపు ఉన్న కుటుంబ సభ్యుడిని పోషిస్తున్నవారికి రూ.75 వేలు, 80 శాతం లేదా అంతకు మించి ఉంటే రూ.1.25 లక్షలు మినహాయింపు. ఇది ఖర్చును బట్టి మారే మొత్తం కాదు. వైద్యం, శిక్షణ, సంరక్షణ మీద ఖర్చు జరుగుతూ ఉండాలి, అంతే. వినికిడి యంత్రానికి ఎంతైంది, స్పీచ్ థెరపీకి ఎంతిచ్చారు అని లెక్క కట్టనక్కరలేదు. ఖర్చు రూ.20 వేలే అయినా మినహాయింపు రూ.75 వేలు, మూడు లక్షలైనా రూ.75 వేలే. బాబుది 78 శాతం కాబట్టి మొదటి మొత్తమే వర్తిస్తుంది. సర్టిఫికెట్ మీద గడువు తేదీ ఉందేమో చూడండి. తాత్కాలికమైనదైతే గడువు తీరకముందే సదరం శిబిరానికి వెళ్లి పునఃపరీక్ష చేయించుకోవాలి. పాత సర్టిఫికెట్‌తో కొత్త ఏడాది మినహాయింపు అడిగితే నిలబడదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బహుళ వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు 10-ఐఎ అనే ఫారం కూడా సమర్పించాలి. మీకు ఆ అవసరం లేదు.

ఇక అత్తయ్యగారు, మామయ్యగారు. 80డి కింద తల్లిదండ్రుల కోసం కట్టే ప్రీమియానికి విడిగా పరిమితి ఉంది: మామూలుగా రూ.25 వేలు, వారిలో ఒకరికైనా 60 ఏళ్లు నిండి ఉంటే రూ.50 వేలు. బీమా లేని వృద్ధ తల్లిదండ్రుల వైద్యం ఖర్చును, మందులతో సహా, అదే రూ.50 వేల లోపు చూపవచ్చు. ఇక్కడ రెండు మెలికలున్నాయి. చట్టం చెప్పేది తల్లిదండ్రుల గురించి, అత్తమామల గురించి కాదు. మీరు కోడలిగా ఎంత ఖర్చు పెట్టినా మీ లెక్కలో రాదు, కొడుకు పెడితేనే ఆయన లెక్కలో వస్తుంది. అలాగే మీ అమ్మానాన్నల కోసం మీ వారు కట్టింది ఆయన లెక్కలో పనికిరాదు. రెండో మెలిక నగదు. నగదుగా ఇచ్చిన సొమ్ముకు 80డి కింద మినహాయింపు లేదు, ముందుజాగ్రత్త వైద్య పరీక్షలకు ఇచ్చే రూ.5 వేలు తప్ప. మీ ఇంట్లో ఏడాదికి డెబ్బై ఎనభై వేల రూపాయల మందులు వస్తున్నాయి. అదే మందుల షాపులో, అదే కౌంటరు దగ్గర, మీ వారి ఫోన్ నుంచి యూపీఐతో చెల్లించి బిల్లు మీద పెద్దవారి పేరు రాయించుకుని ఉంటే రూ.50 వేల మినహాయింపు చేతిలో ఉండేది. నోట్లు ఇచ్చినందువల్ల అది పోయింది.

ఇప్పుడు కూడదాం. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ రూ.50 వేలు, వృత్తి పన్ను రూ.2,400, అద్దె రూ.54 వేలు, గృహరుణ వడ్డీ రూ.2 లక్షలు, 80సి రూ.1.50 లక్షలు, బాబు కోసం రూ.75 వేలు, విద్యారుణ వడ్డీ రూ.92 వేలు. మొత్తం రూ.6,23,400. పన్ను పడే ఆదాయం రూ.11,76,600. సెస్సుతో కలిపి పన్ను దాదాపు రూ.1,72,100. కొత్త విధానంలో రూ.1,50,800. అంటే 2025-26కు మీ వారు కూడా కొత్త విధానంలో ఉండడమే మంచిది, తేడా రూ.21,300. మందుల బిల్లుల్లో కొన్ని ఫోన్ ద్వారా కట్టినవి బయటపడినా, అక్కడ పరిమితి రూ.50 వేలే కాబట్టి ఫలితం మారదు. జీతం, అందులోంచి కోసిన పన్ను వివరాలతో ఆఫీసు ఇచ్చే ఫారం 16 అందిన తర్వాత అందులోని అంకెలతో ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లోని కాలిక్యులేటర్ మీద ఒకసారి సరిచూసుకోండి. ఆఫీసులో ఏ విధానం ఎంచుకున్నా, అది జీతంలో కోత కోసమే. జీతం మాత్రమే ఉన్నవారు రిటర్నులో మార్చుకోవచ్చు. పాతది కావాలంటే మాత్రం జూలై 31 గడువులోపు దాఖలు చేసి తీరాలి, ఆలస్యమైతే కొత్త విధానమే గతి.

ఈ ఫలితం చూశాక నాకు సంతోషం కలగలేదు, అది దాచను. గృహరుణం, పిల్లల చదువు, వృద్ధులైన తల్లిదండ్రులు, వినికిడి లోపం ఉన్న బిడ్డ, ఇన్ని బాధ్యతలున్న ఇంటికీ, ఏ బాధ్యతా లేని ఒంటరి ఉద్యోగికీ రూ.18 లక్షల జీతం మీద కొత్త విధానం ఒకే పన్ను వేస్తోంది. రేట్లు తగ్గించి మినహాయింపులు ఎత్తేయడం వల్ల లెక్క సులువైన మాట నిజమే. కానీ 80డిడి వంటిదాన్ని 80సితో పాటు అదే గాటన కట్టి తీసేయడం న్యాయం కాదు. జీవిత బీమా కొనాలా వద్దా అన్నది మన ఇష్టం. బిడ్డకు వినికిడి యంత్రం కొనాలా వద్దా అన్నది ఎవరి ఇష్టమూ కాదు. ఈ ఒక్కదాన్నయినా కొత్త విధానంలో చేర్చాలని తల్లిదండ్రుల సంఘాలు గట్టిగా అడగాలి.

వచ్చే ఏడాది సంగతి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది. సెక్షన్ల సంఖ్యలు మారాయి, 80సి స్థానంలో ఇప్పుడు 123 ఉంది. శ్లాబులు మాత్రం అవే. ప్రీమియం ఆయన ఖాతా నుంచి, మందుల బిల్లులు ఆయన యూపీఐ నుంచి కట్టడం మొదలుపెడితే పాత విధానంలో మరో రూ.74 వేలు తగ్గి, పన్ను రూ.1,49,010కి దిగుతుంది. కొత్త విధానం కంటే రూ.1,790 తక్కువ. ఇంత శ్రమకు ఇంత చిన్న తేడానా అనిపించవచ్చు. పైగా జీతం ఏ ఇరవై వేలు పెరిగినా ఈ తేడా తారుమారవుతుంది, ఎందుకంటే పెరిగిన జీతం మీద పాత విధానంలో 30 శాతం, కొత్తదానిలో 20 శాతం పడుతుంది. అయినా బిల్లులు ఆ పద్ధతిలో కట్టమనే చెబుతాను. దానికి ఖర్చు లేదు, ఏదైనా పెద్ద వైద్యం అవసరమైన ఏడాది కాగితాలు చేతిలో ఉంటాయి.

ఇంతకన్నా ముఖ్యం, పెద్దవారిద్దరికీ బీమా లేకపోవడం. మినహాయింపు లెక్కల్లో పడి దీన్ని మరచిపోవద్దు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో సంబంధం లేకుండా రూ.5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు భరించే ఆయుష్మాన్ వయ వందన కార్డు మామయ్యగారి కోసం తీసుకోండి. అత్తయ్యగారికి పాలసీ చూడండి. 65 ఏళ్లు దాటినవారికి బీమా సంస్థలు కొత్త పాలసీ నిరాకరించే వీలిచ్చిన పాత వయోపరిమితిని 2024లో తీసేశారు. వ్యక్తిగత ఆరోగ్య బీమా మీద జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు 22 నుంచి లేదు.

కొత్త విధానంలోనూ మీ వారికి మిగిలిన తలుపు ఒకటుంది. ఆయన జీతంలో కొంత భాగాన్ని యాజమాన్యం తన వాటాగా జాతీయ పింఛను పథకంలో జమ చేస్తే, మూలవేతనంలో 14 శాతం దాకా పన్ను పడదు. ఆయన విషయంలో అది రూ.1.26 లక్షలు. సంస్థ ఒప్పుకుంటే పన్ను దాదాపు రూ.1,24,640కి దిగుతుంది, అంటే రూ.26 వేలకు పైగా ఆదా. అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం చాలా ఏళ్ల వరకు కదలదు. ఇంట్లో రెండు రుణాలు, నెలనెలా వైద్యం ఖర్చులు ఉన్నప్పుడు చేతిలో డబ్బు ఆడటం కూడా అవసరమే. ఆరు నెలల ఇంటి ఖర్చు విడిగా నిల్వ ఉంటేనే ఇందులోకి దిగండి.

డిపాజిట్ల గురించి మీరు అడిగింది చాలా మంచి ప్రశ్న. మీ వారు తన డబ్బు మీకిచ్చి మీ పేరున డిపాజిట్ వేయిస్తే, దాని వడ్డీని చట్టం ఆయన ఆదాయంలోనే కలుపుతుంది. దానివల్ల లాభం లేదు. కానీ మీ సొంత జీతంలోంచి మీరు దాచుకున్న దాని వడ్డీ మీదే. అందువల్ల ఇంటి సరుకులు, కరెంటు బిల్లు, ఫీజులు అన్నీ ఆయన జీతం నుంచి వెళ్లనివ్వండి. పొదుపు మీ జీతం నుంచి చేయండి. మీ ఆదాయం రూ.10.65 లక్షల దగ్గర ఉంది. రూ.12 లక్షల గీత చేరడానికి ఇంకా రూ.1.35 లక్షల వడ్డీకి చోటుంది. ఆయన ఖాతాలో లక్ష రూపాయల వడ్డీ పడితే రూ.20,800 పన్ను కట్టాలి, మీ ఖాతాలో పడితే ఏమీ లేదు. ఏ ఏజెంటూ అక్కరలేని, ఏ కాగితమూ అడగని ఆదా ఇది. ఇప్పుడు మీ ఇంట్లో ఎవరి డబ్బు ఖర్చవుతోందో, ఎవరిది మిగులుతోందో ఒకసారి చూసుకోండి.

మైనర్ పిల్లల పేరున వేసిన డిపాజిట్ల వడ్డీ సాధారణంగా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవారి లెక్కలో కలుస్తుంది. మీ బాబు విషయం వేరు. 80యు సెక్షన్‌లో చెప్పిన వైకల్యం ఉన్న మైనర్ ఆదాయాన్ని తల్లిదండ్రుల ఆదాయంలో కలపకూడదని చట్టంలోనే ఉంది. అంటే బాబు పేరున మీరు జమ చేసిన డబ్బు మీద వచ్చే వడ్డీ బాబుదే. దానికి బాబుకే వేరుగా పాన్ తీసుకోవాలి, సదరం సర్టిఫికెట్ ఖాతా పత్రాలతో పాటు భద్రపరచాలి. వాడి భవిష్యత్తు కోసం మీరు ఎలాగూ ఎంతో కొంత దాచాలనుకుంటారు కదా, అది వాడి పేరునే దాచండి. కొత్త విధానంలో మీకు మిగలని ఊరట కొంతైనా ఈ దారిన దక్కుతుంది. బాబు పేరున వేసిన డబ్బు బాబుదే, వాడి కోసమే వాడాలన్నది మరవకండి.

మామయ్యగారి పేరున వేయవచ్చా అని మీరు అడగలేదు, కానీ చుట్టుపక్కల ఎవరో ఒకరు సలహా ఇస్తారు. కొడుకు తండ్రికి ఇచ్చిన డబ్బు మీద బహుమతి పన్ను లేదు, వడ్డీ కూడా కొడుకు లెక్కలో కలవదు. చట్టప్రకారం సరైనదే. అయితే ఇచ్చాక ఆ డబ్బు ఆయనది. వీలునామా లేకపోతే ఆయన తదనంతరం అది అత్తయ్యగారికీ, ఆయన సంతానం అందరికీ చెందుతుంది. మీ వారికి అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే ముందే మాట్లాడుకుని చేయండి.

చివరిగా, పది శాతం మనిషి. ఒప్పుకోవద్దు. మీ వారి లెక్కలో ఉన్న ప్రతి మినహాయింపునూ పైన చూశాం. కొత్త విధానంలో జీతం నుంచి కోసే పన్నే మొత్తం రూ.1.50 లక్షలు. అందులో లక్షకు పైగా వెనక్కి రావాలంటే లేని విరాళాలు, లేని రుణాలు, లేని జబ్బులు రాయాల్సిందే. ఇలాంటి రిటర్నుల మీద 2025 జూలై 14న ఆదాయపు పన్ను శాఖ దేశమంతటా 150 చోట్ల తనిఖీలు చేసింది. రాజకీయ పార్టీలకు ఇచ్చామన్న బూటకపు విరాళాలు అందులో ముఖ్యంగా బయటపడ్డాయి. అంతకుముందు నాలుగు నెలల్లోనే దాదాపు 40 వేల మంది రూ.1,045 కోట్ల తప్పుడు క్లెయిములను వెనక్కి తీసుకుంటూ రిటర్నులు సరిదిద్దుకున్నారని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు చెప్పింది. ఇప్పుడు రిటర్నులోనే బీమా పాలసీ నంబరు, రుణ ఖాతా నంబరు, బ్యాంకు పేరు అడుగుతున్నారు. తప్పుడు వివరాలతో ఆదాయం తగ్గించి చూపినట్టు తేలితే ఎగ్గొట్టిన పన్నుకు రెండింతలు జరిమానా, ఆపైన వడ్డీ. అదంతా కట్టాల్సింది మీ వారు. కమిషన్ తీసుకున్న వ్యక్తి పేరు ఆ రిటర్నులో ఎక్కడా ఉండదు.

నిరుడు మీ వారి రిటర్నును ఆ వ్యక్తే వేశారని రాశారు. అది నన్ను కలవరపెడుతోంది. ఈ ఆదివారం మీ వారు ఇంట్లో ఉన్నప్పుడు ఇద్దరూ కూర్చుని పోర్టల్ తెరవండి. 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరానికి, అంటే 2024-25 ఆదాయం మీద, దాఖలైన రిటర్ను డౌన్‌లోడ్ చేసుకుని, మినహాయింపుల పట్టికలో ఒక్కో అంకె ముందు ‘ఇది మనం నిజంగా కట్టామా?’ అని చూసుకోండి. అన్నీ నిజమైతే నిశ్చింతగా ఉండండి. మీకు తెలియనిది ఒక్కటి కనిపించినా నోటీసు వచ్చేదాకా ఆగకండి. నవీకరించిన రిటర్ను వేసి ఆ క్లెయిమును ఉపసంహరించుకోవచ్చు. 2027 మార్చి 31లోపు వేస్తే తక్కువ పడిన పన్ను, వడ్డీ, వాటి మీద 25 శాతం అదనం కట్టాలి. ఆ తేదీ దాటితే అదనం 50 శాతమవుతుంది. ఈ పనికి మాత్రం ఒక చార్టర్డ్ అకౌంటెంట్ దగ్గరకు వెళ్లండి. ఫీజు ఇంత అని ముందే చెప్పేవారిని, వాపసులో వాటా అడగనివారిని ఎంచుకోండి.

పోర్టల్ తెరిచినప్పుడే ప్రొఫైల్‌లో నమోదైన ఫోన్ నంబరు, ఈమెయిల్ మీ వారివేనా, ఆ వ్యక్తివా చూడండి. నోటీసులు అక్కడికే వస్తాయి. ఆ వ్యక్తివి అయితే వెంటనే మార్చి, పాస్‌వర్డు కూడా మార్చేయండి.